రఫూ కొట్టులో కెమెరా ఫోను

“ఈ రోజుతో ఏడు రోజులు. సాయంత్రం ఐదు దాటితే షాపువాడు ఇక వెనక్కి తీసుకోడు. బాక్సు ఎక్కడ పెట్టావో చెప్పమ్మా!”

కొడుకు అరిచిన అరుపుకి ముందు గదిలో వేలాడుతున్న కోట్లు కూడా ఉలిక్కిపడి ఉంటాయి. గుమ్మంలో నిలబడ్డ కోడలు ఉలిక్కిపడింది. అత్తగారు మాత్రం ఉలకలేదు, పలకలేదు. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కిటికీ వైపు మొహం తిప్పి కూర్చుంది.

“అమ్మా, నీతోనే.”

“వినిపిస్తోంది. చెవులు బాగానే ఉన్నాయి.”

“మరి బాక్సు?”

“బాక్సుతో పనేముంది? ఫోను నేను తిరిగివ్వను.”

వారం రోజులుగా ఆ ఇంట్లో ఇదే యుద్ధం. ముందు గదిలో రఫూ కొట్టు, వెనక రెండు గదుల్లో కాపురం. చిరిగిన బట్టని పోగుకి పోగు అల్లి, చిరుగు ఎక్కడుందో తెలియకుండా చెయ్యడంలో అత్తగారిది ముప్ఫై ఏళ్ళ చెయ్యి. కోడలు పాత మిషను మీద అంచులు మడుస్తుంది, జిప్పులు మారుస్తుంది. ఎంబ్రాయిడరీ మిషను కొందామని ఇద్దరూ కలిసి రెండేళ్ళు కూడబెట్టారు. కిందటి వారం ఆ డబ్బు పట్టుకుని వెళ్ళిన అత్తగారు, మిషనుకి బదులు అరచేతిలో ఇమిడే ఫోను పట్టుకుని వచ్చింది. వెనక మూడు కళ్ళున్న ఫోను. ఇదెందుకు కొన్నావమ్మా అంటే “కెమెరా మంచిదట” అంది. అంతకు మించి ఒక్క ముక్క రాలలేదు.

కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. చీకటి గొట్టాల్లో వేలాడుతూ పనిచేసే మనిషికి ఓర్పు లేకపోతే కుదరదు. ఉన్న ఓర్పంతా అక్కడే ఖర్చుపెట్టేసి ఇంటికి ఖాళీ చేతులతో వస్తాడు.

“నిన్న షాపుకి వెళ్ళి అడిగాను. చంద్రుడి మీద గుంటలు కూడా కనబడతాయట అందులో. మనకెందుకమ్మా చంద్రుడి గుంటలు? మన వీధిలో ఉన్నవి చాలవూ?”

“చంద్రుణ్ణి నేనేం చూడను.”

“మరేం చూస్తావ్? వారంలో ఒక్క ఫోటో అయినా తీసి చూపించావా మాకు? పరదా వేసుకుని లోపల కూర్చుంటావ్. నా ఫోను చూడు, గాజు పగిలి రెండేళ్ళయింది. మాట్లాడితే వినబడుతుంది. ఇంకేం కావాలి ఫోనుకి? మింగ మెతుకు లేదు కానీ మీసాలకి సంపెంగ నూనె!”

“నీకు అది చాలు.”

“నీకు చాలదా? ఈ వయసులో కళ్ళు నెత్తికెక్కాయి నీకు.”

అత్తగారు గ్లాసు బల్ల మీద పెట్టింది. సగం బల్ల మీద, సగం గాలిలో. గ్లాసు కిందపడి పగిలింది.

కోడలు గుడ్డ తెచ్చి పెంకులు ఏరి టీ తుడిచింది. కావాలనే విసిరికొట్టారని ఆమె నమ్మకం. అత్త మీద కోపం దుత్త మీద అంటారు. ఇక్కడ అత్తకే ఎవరి మీదో కోపం వచ్చిందని ఆమె అనుకుంది.

“నువ్వైనా చెప్పు,” అన్నాడు భర్త. “నీ మిషను డబ్బు అది.”

“నేనేం చెప్పను? నన్నడిగి కొన్నారా, నేను చెబితే ఇవ్వడానికి?” గుడ్డ పిండుతూ కోడలు ఇంకో మాట కూడా అంది. “మాట్లాడేది మనతోనే అయినప్పుడు మన వైపు చూసి మాట్లాడొచ్చు. కిటికీ మనకేం చుట్టం కాదు.”

ఆ మాట ఈ రోజుది కాదు. నాలుగు నెలలుగా లోపల నానుతున్న మాట. కోడలు పలకరిస్తే అత్తగారి చూపు గోడ మీదకి పోతుంది. వడ్డిస్తే గడప మీదకి పోతుంది. ఎదురుగా నిలబడిన మనిషి మొహం చూడటం అంత కష్టంగా ఉందంటే, ఆ మనిషి ఎంత చేదయిపోయి ఉండాలి?

అత్తగారు కిటికీ వైపు నుంచి మొహం తిప్పలేదు.

“నాలుగున్నరకి వస్తాను,” అన్నాడు కొడుకు చెప్పులు వేసుకుంటూ. “బాక్సు ఆ బల్ల మీద ఉండాలి. లేకపోతే ఇల్లంతా నేనే తిరగేస్తాను.”

* * *

మధ్యాహ్నం రెండు దాటాక వయొలిన్ మాస్టారు వచ్చారు.

మూడు వీధుల అవతల పిల్లలకి వయొలిన్ నేర్పే పెద్దాయన. ఇరవై ఏళ్ళుగా ఒకటే కోటు, ఒకటే కొట్టు. వయొలిన్ ఆనేచోట ఎడమ భుజం మీద ఉన్ని అరిగిపోతూ ఉంటుంది. రెండేళ్ళకోసారి తెచ్చి ఇస్తారు. అత్తగారు కోటు లోపలి మడతలోంచి పోగులు లాగి, అరిగినచోట అల్లి, కొత్త భుజం ఇస్తుంది. ఈసారి మొన్ననే తీసుకెళ్ళారు. అప్పుడే మళ్ళీ చేతి మీద వేసుకుని వచ్చారు.

పాపం ఆయనకి గొడవపడటం చేతకాదు. కోటు బల్ల మీద పరిచి, దానివైపే చూస్తూ కాసేపు నిలబడ్డారు.

“ఏమీ అనుకోకండి అక్కగారూ. ఇంట్లో దీపం కింద బాగానే ఉంది. ఎండలోకి వెళ్తేనే... ఇదిగో, గీతలు ఇక్కడిదాకా వచ్చి ఆగిపోతున్నాయి.”

కోడలు మిషను దగ్గర నుంచే మెడ చాచి చూసింది. బట్టంతా సన్నటి ఏటవాలు గీతలు. కాలరు నుంచి వాననీళ్ళలా దిగుతూ వచ్చి భుజం దగ్గర తెగిపోయాయి. అక్కడ రెండు వేళ్ళ వెడల్పున పోగులు శుభ్రంగానే ఉన్నాయి, వరసగానే ఉన్నాయి. కానీ వాలు వేరు. వేరే కోటులోంచి కోసి తెచ్చి పెట్టినట్టుంది.

“అతుకు వేయించారా మాస్టారూ అని నా శిష్యురాలి తల్లి అడిగింది,” అన్నారాయన చిన్నగా. “ఇరవై ఏళ్ళలో ఎవరూ ఆ మాట అడగలేదు. ఇది మీ చేతిపని కాదక్కగారూ.”

అత్తగారి వేళ్ళు భుజం మీద పాకాయి. ఒకసారి ఇటు నుంచి అటు, ఒకసారి అటు నుంచి ఇటు. మొహం మాత్రం వీధి వైపు ఉంది.

“నాది కాదు మాస్టారూ. మా కోడలు చేసింది. నేర్చుకుంటుందని ఇచ్చాను.”

కోడలి మిషను ఆగిపోయింది.

మాస్టారు అటు తిరిగారు. ఆయన మొహంలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

“అలాగా తల్లీ. దానికేముంది, మొదట్లో అందరూ అపస్వరాలే వాయిస్తారు. నేనూ అంతే.” ఆ మంచితనం పుండు మీద కారం చల్లినట్టు ఉంది. “శనివారం పిల్లల కచేరీ అక్కగారూ. ఆలోపు మీ చేత్తో ఒకసారి సరిచెయ్యండి. కొత్త కోటు కొనుక్కోమని ఇంట్లో పోరు పెడుతున్నారు. ఇది కుదరకపోతే ఇక వాళ్ళ మాటే వినాలి.”

కోటు అక్కడే వదిలి, ఇద్దరికీ నమస్కారం పెట్టి వెళ్ళారు.

కోడలు ఆయన మలుపు తిరిగేదాకా ఆగింది.

“ఆ కోటు నేను ముట్టుకున్నానా?”

“లేదు.”

“మరి?”

అత్తగారు కోటుని ఒళ్ళోకి లాక్కుంది.

“అడుగుతున్నాను అత్తయ్యా. ఆయన ముందు నా మీద ఎందుకు వేశారు?”

“నీకు పోయేదేముంది? నీకు రఫూ రాదని అందరికీ తెలిసిందే.”

ఇలాంటి మాటలు అనడానికి మనిషి రాక్షసి అయి ఉండనక్కర్లేదు. బాగా భయపడిన మనిషి కూడా అంటుంది. కానీ ఆ సంగతి కోడలికి అప్పటికి తెలియదు.

“మిషను డబ్బు పోతే పోయిందనుకున్నాను. మీ అబ్బాయి కేకలేస్తుంటే మీ తరఫున నోరు విప్పలేదు కానీ మీ మీద చాడీ కూడా చెప్పలేదు. ఇప్పుడు నా పరువు కూడా పోవాలా?” ఆమె చేతిలోని బట్ట మిషను మీద పడేసింది. “నాలుగు నెలలుగా నా మొహం చూడటం మానేశారు. నేను గదిలోకి వస్తే గోడ చూస్తారు, గడియారం చూస్తారు. అంత అసహ్యం పుట్టే పని నేనేం చేశాను?”

“నిన్ను చూడటం లేదని ఎవరు చెప్పారు?”

“ఒకరు చెప్పాలా? నాకు కళ్ళు లేవా?”

“ఉన్నాయి,” అంది అత్తగారు. “నీకున్నాయి.”

ఆ మాటలో ఏదో ఉందని కోడలికి అనిపించి ఉండాల్సింది. అనిపించలేదు. కోపంలో ఉన్న మనిషికి ఎదుటివాళ్ళ మాట సగమే వినబడుతుంది. బాక్సు తనే వెతికి బల్ల మీద పెట్టేస్తానని విసురుగా పరదా తోసుకుని లోపలికి వెళ్ళింది.

* * *

పరదా వెనక రఫూ బల్ల. ఈ వారంలో అత్తగారు ఎవరినీ అక్కడికి రానివ్వలేదు.

ఫోను కనబడింది. టేబులు దీపం కొమ్మకి రెండు రబ్బరు బ్యాండ్లతో కట్టి ఉంది, మూడు కళ్ళూ కిందికి. దాని కింద చిన్న మెత్త, మెత్త మీద సూది. కోడలు బ్యాండ్లు విప్పి ఫోను చేతిలోకి తీసుకుంది. తాళం లేదు. వేసుకోవడం ఆవిడకి తెలిసి ఉండదు.

ఫోటోలు తెరిచింది. బట్ట. బట్ట. మళ్ళీ బట్ట. ఉన్ని పోగులు తాళ్ళంత లావున, పట్టు పోగులు తీగలంత లావున. వందల కొద్దీ ఉన్నాయి. ఒక్క మనిషి లేడు.

ఇంకా పైకి జరిపింది. అప్పుడు ఒక కనుబొమ్మ కనిపించింది. దాని పక్కన చిన్న గాటు. అది భర్త కనుబొమ్మ. కిందటేడు లిఫ్టు తలుపు తగిలి పడిన గాటు. తర్వాత అతని చెవి. అతని గడ్డం. నిద్రలో తెరుచుకున్న పెదవులు.

తర్వాత తను. మధ్యాహ్నం నడుం వాల్చినప్పుడు తీసినవి. మూసిన రెప్పలు, ముక్కు, మెడ దగ్గర జుట్టు, దవడ. బాగున్నాను, నేను ఇంత బాగుంటానా అని ఒక్క క్షణం అనిపించింది. వెంటనే ఒళ్ళు మండింది.

“నిద్రపోతుంటే నన్ను ఫోటోలు తీశారా?”

పరదా అవతల నుంచి గొంతు వచ్చింది. “అవి తుడిచెయ్యకు.”

“ఎందుకు తీశారు?”

“తుడిచెయ్యనని చెప్పు, చెబుతాను.”

కోడలు పరదా తొలగించింది. అత్తగారు మాస్టారి కోటు ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుని ఉంది. మొహం ఎప్పటిలా పక్కకే ఉంది.

“నాలుగు నెలల కిందట కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఒక్కదాన్నే. కళ్ళ నడిమి చూపు పోతోందట. పోయినది రాదట, మందు లేదట. అంచులు మాత్రం మిగులుతాయట. నెమ్మదిగా ఇంకా పోతుంది అమ్మా, పెద్దది చేసుకుని చూస్తే కొన్నాళ్ళు పని సాగుతుంది అన్నాడు. భూతద్దం కొన్నాను. చాల్లేదు. ఆ రోజు మిషను కొనడానికే బయల్దేరాను, ఒట్టు. దారిలో ఫోను షాపువాడు నా చేతిరుమాలు మీద పెట్టి చూపించాడు. పోగు పోగూ తాళ్ళంత లావున కనబడింది. ఎంత ధరైనా సరే అనిపించింది. అందులో నీ డబ్బుంది. అది దొంగతనమే.”

కోడలికి నమ్మాలో వద్దో తెలియలేదు. గబగబా ఎదురుగా వచ్చి నిలబడింది.

“ఇటు చూడండి. నా మొహంలోకి, సూటిగా.”

అత్తగారు తిరిగింది. నాలుగు నెలల తర్వాత మొదటిసారి కోడలి కళ్ళలోకి తిన్నగా చూసింది.

“ఏం కనబడుతోంది?”

“నీ జుట్టు. భుజాలు. వెనక కోట్లు. మధ్యలో మొహం లేదు. బూడిద చేత్తో ఎవరో తుడిచేసినట్టుంది.” తర్వాత ఆవిడ చూపు మెల్లగా పక్కకి, గోడ గడియారం మీదకి జరిగింది. “ఇప్పుడు ఉన్నావ్. మసకగా ఉన్నావ్. ఏడుస్తున్నావా?”

కోడలు నిజంగానే ఏడుస్తోంది. గోడ వైపు తిరిగినప్పుడల్లా, గడప వైపు తిరిగినప్పుడల్లా, ఈవిడ తననే చూస్తోంది. ఆ చూపు అర్థం కాక తను వంటింట్లో గిన్నెలు విసిరింది. కిటికీ చుట్టం కాదని ఈ రోజు పొద్దున కూడా అంది. సిగ్గుతో ఆమెకి నేలలోకి కుంగిపోవాలనిపించింది.

“మాతో చెబితే ఏం పోయేది అత్తయ్యా?”

“వాడికి తెలిస్తే మర్నాడే షట్టరు దించేస్తాడు. మంచం మీద కూర్చోబెట్టి కంచంలో కలిపి పెడతాడు. ప్రేమతోనే పెడతాడు. ఆ ప్రేమ కూర్చుని తిని నేనేం చెయ్యను? బయట తెలిస్తే ఇంకా అన్యాయం. చూపులేని దానికి కోటు ఎవరిస్తారు?” ఆవిడ చేతులు కోటుని నిమిరాయి. “మాస్టారు నా పని కాదనేసరికి భయమేసింది. నోట్లోంచి నీ పేరు వచ్చేసింది. తప్పే అమ్మాయ్.”

* * *

కోడలు కళ్ళు తుడుచుకుని కోటు తీసుకుంది. ఏడుపు తర్వాత చెయ్యడానికి ఆడవాళ్ళకి ఎప్పుడూ ఏదో ఒక పని ఉంటుంది.

ఫోను మళ్ళీ దీపానికి కట్టి, భుజాన్ని దాని కింద పెట్టింది. స్క్రీను మీద పోగులు దగ్గరికి లాగింది. చక్కగా, ముగ్గు గీసినంత వరసగా వచ్చాయి. రెండు పైన, రెండు కింద. అత్తగారు అల్లింది కూడా అచ్చం అలాగే ఉంది. మరి తప్పెక్కడ?

కోటు గుమ్మంలోకి పట్టుకెళ్ళి ఎండలో ఉత్త కళ్ళతో చూసింది. అరగని చోట నేత రెండు పైన, ఒకటి కింద. రఫూ పక్కన ఇంకా అల్లకుండా మిగిలిన, అరిగిన చోట అసలు పోగులే లేవు. ఉన్ని నలిగి ముద్దగా అట్టకట్టుకుపోయింది.

మళ్ళీ వచ్చి ఆ ముద్ద మీదే ఫోను పెట్టింది. బాగా దగ్గరికి లాగింది. లేని పోగులు స్క్రీను మీద నిగనిగలాడుతూ ప్రత్యక్షమయ్యాయి. కాస్త వెనక్కి జరిపితే ముద్ద ముద్దలాగే ఉంది. దగ్గరికి లాగితే మళ్ళీ పోగులు వచ్చాయి.

“ఏమిటి?” అంది అత్తగారు.

“మరీ దగ్గరికి లాగితే దీనికీ కనబడటం లేదత్తయ్యా. కనబడనిచోట ఊరికే ఉండకుండా తనే పోగులు గీసి చూపిస్తోంది. ఇక్కడ పోగులు లేవు. ఇందులో ఉన్నాయి.”

అత్తగారు చెయ్యి చాచి ఆ ముద్దని వేలితో తడిమింది.

“అంటే దాని అల్లిక చూసి నేను అల్లానన్నమాట.”

“అవును.”

“ముప్ఫై ఏళ్ళు చిరుగు లేనట్టు చేసి లోకం కళ్ళు కప్పాను. నా కళ్ళు కప్పే రఫూ ఇన్నాళ్ళకి ఎదురైంది.” ఆవిడ నవ్వింది. ఆ నవ్వు వినడం కంటే పొద్దున్న గ్లాసు పగిలిన చప్పుడే నయం. “ఇంత ధర పోసి అబద్ధం కొనుక్కొచ్చాను. వాడన్నదే నిజం. ఇచ్చెయ్. బాక్సు నా మంచం కింద, దుప్పట్ల వెనక ఉంది.”

వారం నుంచి కోడలు కోరుకున్న మాట అది. ఇంత సులువుగా చేతికొచ్చింది. వెళ్ళి మంచం కింద నుంచి అట్టపెట్టె తీసింది. దుమ్ము దులిపి బల్ల మీద పెట్టింది. గడియారంలో మూడున్నర. ఒక గంట ఓపిక పడితే డబ్బు వెనక్కి వస్తుంది, డబ్బు వస్తే మిషను వస్తుంది.

అత్తగారు ఉత్త చేతులతో కూర్చుంది. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆ చేతులు ఖాళీగా ఉండటం కోడలు చూడలేదు. కాసేపటికి వాటంతట అవే సూది వెతుక్కున్నాయి. నాలుక మీద పోగు తడిపి, బొటనవేలి గోరుతో సూది కన్ను తడిమి, ఒక్క ప్రయత్నంలో ఎక్కించింది. చూపుతో పని లేకుండానే.

“రెండు పైన, ఒకటి కింద,” అంది కోడలు.

“ఆఁ?”

“అసలు నేత. రెండు పైన, ఒకటి కింద.”

తప్పు పోగులు నాలుగు విప్పి అత్తగారు అల్లింది. నాలుగు పోగులు. కోడలు ఎండలో పెట్టి చూసింది. కాలరు నుంచి వచ్చిన గీత ఆగకుండా భుజం దాటింది.

“సరిగ్గా ఉందత్తయ్యా. ఇంకోటి చెయ్యొచ్చు. ఫోను మరీ దగ్గరికి లాగకుండా పెడితే నిజమే చూపిస్తోంది. అక్కడికి కూడా అందనిది నేను చూసి చెబుతాను.”

అత్తగారు ఆ మాట విననట్టే ఉంది. సూది మెత్తకి గుచ్చి, తలుపు వైపు చూస్తూ అడిగింది.

“బట్ట సంగతి సరే. మొహాలు కూడా అదే గీసి చూపిస్తోందా?”

“మొహాలా?”

“నడిమి చూపు పూర్తిగా పోకముందే మీ ఇద్దరివీ దాచుకుందామని తీశాను. పెద్దవి చేసుకుని, పక్క నుంచి ముక్క ముక్కగా చూసుకుంటాను. అవీ అబద్ధమేనా? చూసి చెప్పు.”

కోడలు ఫోను తీసుకుంది. తన దవడ ఫోటో తెరిచింది. పెళ్ళయిన కొత్తలో ఇస్త్రీపెట్టె అంటుకుని అక్కడ గోరంత మచ్చ పడింది. వేలు పెడితే ఇప్పటికీ గరుగ్గా తగులుతుంది. ఫోటోలో మచ్చ లేదు. చర్మం తామరాకులా నున్నగా ఉంది.

ఇంత బాగుంటానా అని ఇందాక అనిపించింది అందుకే.

“లేదత్తయ్యా,” అంది. “ఉన్నది ఉన్నట్టే ఉంది.”

“నీ మచ్చ కూడా?”

“మచ్చ కూడా.”

అత్తగారు ఊపిరి వదిలింది. “అయితే పెట్టిన డబ్బు మరీ గంగపాలు కాలేదు.”

కోడలు ఫోనుని పరదా వెనకకి తీసుకెళ్ళి మళ్ళీ దీపానికి కట్టింది.

* * *

నాలుగున్నరకి వస్తానన్న కొడుకు పావు తక్కువ ఐదుకి వచ్చాడు. బల్ల మీద అట్టపెట్టె చూసి మొహం విప్పారింది.

“హమ్మయ్య. చెబితే వినే రోజు కూడా వచ్చిందన్నమాట.” పెట్టె ఎత్తాడు. తేలిగ్గా ఉంది. మూత తీశాడు. “ఫోనేది?”

“ఇవ్వడం లేదు,” అంది కోడలు.

“మళ్ళీనా? అమ్మా...”

“అత్తయ్య కాదు. నేను. అది నాకు కావాలి.”

అతను పెట్టె కింద పెట్టి భార్యని తేరిపార చూశాడు.

“నీకా? మరి మిషను?”

“మిషను వద్దు. కుట్టినవి మంచి ఫోటోలు తీసి పెడితే నలుగురూ చూస్తారు, పని వస్తుంది. అందుకని నేనే కొనమన్నాను. మీరు తిడతారని అత్తయ్య తన మీద వేసుకున్నారు.”

ఆ అబద్ధానికి సరైన అల్లిక లేదు. తెలివిగలవాడు ఒక పోగు లాగితే మొత్తం ఊడి వచ్చేది. కానీ అతను అలిసిపోయి ఉన్నాడు, కోపంగా ఉన్నాడు. కోపం త్వరగా నమ్ముతుంది.

“నువ్వు కొనమన్నావా?” గొంతు తగ్గింది. ఆ తగ్గిన గొంతు పొద్దుటి అరుపుల కంటే భయంగా ఉంది. “వారం రోజులుగా మా అమ్మని నానా మాటలూ అన్నాను. కళ్ళు నెత్తికెక్కాయి అన్నాను. ఆవిడ చేతిలో గ్లాసు పగిలితే నువ్వు ఏమీ ఎరగనట్టు తుడిచావ్. నన్ను అనివ్వకుండా ఒక్క మాట చెప్పలేకపోయావా?”

కోడలు తల దించుకుంది. చెప్పడానికి నిజం ఒక్కటే ఉంది. అది తనది కాదు.

“ఉండు. అమ్మ నోటితోనే వింటాను.” అతను స్టూలు దగ్గరికి వెళ్ళి తల్లి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. “అమ్మా, ఇది చెప్పేది నిజమేనా? కిటికీ వైపు కాదు. నా కళ్ళలోకి చూసి చెప్పు.”

వద్దని చెప్పబోయి కోడలు ఒక అడుగు ముందుకి వేసింది.

అత్తగారు కిటికీ వైపు తిరిగి, కంటి అంచుతో ఎంతసేపు వీలైతే అంతసేపు అతన్ని చూసుకుంది. తర్వాత మెల్లగా మొహం తిప్పింది. కొడుకు కళ్ళలోకి సూటిగా చూసింది. రెప్ప వెయ్యలేదు.

“నిజమేరా. నా కోడలి కోసమే కొన్నాను.”

కోడలికి తెలుసు. ఆ క్షణంలో ఆ గదిలో ఆవిడకి అన్నీ కనబడుతున్నాయి. కోట్లు, గుమ్మం, గడియారం, తను. ఒక్క కొడుకు మొహం తప్ప.

అతనికి అది తెలియదు. అతని కళ్ళలో నీళ్ళు నిండాయి.

“నా మొహంలోకి ఇలా చూసి ఎన్నాళ్ళయిందమ్మా,” అన్నాడు. “నా మీదే ఏదో కోపం అనుకున్నాను.”

తల్లి మోకాలి మీద చెయ్యి వేసి ఒక్కసారి గట్టిగా నొక్కాడు. లేచి ఖాళీ పెట్టెని మూలకి విసిరేశాడు. భార్య పక్క నుంచే వెళ్ళాడు, ఆమె అక్కడ లేనట్టే వెళ్ళాడు. వెనక గది తలుపు మూసుకుంది.

కొట్టులో ఇద్దరే మిగిలారు. మాస్టారి కోటు బల్ల మీద ఉంది. భుజం మీద నాలుగు పోగులు సరైనవి, మిగిలినవన్నీ విప్పాల్సినవి.

“అమ్మాయ్,” అంది అత్తగారు, ఎవరికీ వినబడనంత చిన్నగా. ఆవిడ చూపు ఇంకా కొడుకు కూర్చున్న చోటు మీదే ఉంది. “నేను చూస్తున్నప్పుడు వాడు నవ్వాడా?”

కోడలు ఏం చెప్పాలో వెతుక్కుంటూ ఉండగానే గడియారం ఐదు కొట్టింది.